ఒళ్ళు చేశాను

జూన్ 3, సాయంత్రం
ఈ రోజు నాకు స్నేహితులు దొరికారు! ఒకరా ఇద్దరా, ఫోన్ నిండా! గుండె నీరసపడి ఇంట్లో ఒంటరిగా ఉండేవాళ్ళందరినీ ఆసుపత్రి నర్సమ్మ వీడియోలో ఒకచోట కూర్చోబెట్టింది. మా అమ్మాయి ఫోన్‌ని పంచదార డబ్బాకి ఆనించి డ్యూటీకి వెళ్ళింది. మీటింగంతా నా నుదురే కనిపించిందట. ఎవరూ ఏమీ అనలేదు, ఎంత మంచివాళ్ళో! మా ఆవిడ పోయాక, అమ్మాయి డ్యూటీకి వెళ్తే ఈ ఇంట్లో నాకు బదులు పలికేది కుక్కరొక్కటే.

జూన్ 5
రోజూ పొద్దున్నే తూకం చూసుకుని సాయంత్రం గ్రూపులో చెప్పాలి. ఉప్పు తగ్గించాలి. బస్సు కండక్టరుగా రిటైరయినాయన ఒకరున్నారు. ఎవరు లోపలికొచ్చినా ముందుకు జరగమంటారు. నవ్వలేక చచ్చాను. ఇంకొకావిడ లెక్కల టీచరమ్మ, ఆవిడ మాత్రం నవ్వదు.

జూన్ 8
మ్యూట్ నేర్చుకున్నాను! ఇక మీటింగులో ఉప్పు వేరుశనగలు నమిలినా చప్పుడు వినపడదు. కూరలో ఉప్పు తగ్గించాను కదా, దానికీ దీనికీ చెల్లు.

జూన్ 12
కిలో పెరిగాను! రేపు ఇంకొంచెం పెరిగాక ఒకేసారి చెబుదామని గ్రూపులో పాత తూకమే చెప్పాను.

జూన్ 13, ఉదయం
ఇంకో కిలో! చెప్పులు కూడా బిగుతు. చిక్కిపోయావు నాన్నా అని అమ్మాయి దిగులుపడని రోజు లేదు. మనుషులు దొరికేసరికి ఒళ్ళు చేశాను. కాస్త ఆయాసంగా ఉంది. సంతోషం ఎక్కువై ఉంటుంది.

జూన్ 13, ఆసుపత్రి
చెప్పాను. గ్రూపులో అందరూ చప్పట్లు కొడతారనుకున్నాను. ఒక్కరూ కదల్లేదు. ఫోన్ ఆగిపోయిందేమోనని ఊపి చూశాను. కండక్టర్ గారు కాలు చూపించమన్నారు. ఆడవాళ్ళ ముందు మర్యాద కాదన్నాను. అప్పుడు టీచరమ్మ అంది:
"అన్నయ్యగారూ, అది ఒళ్ళు కాదు, నీరు. కాలెత్తండి."
ఎత్తాను. వేలితో నొక్కమంది. గుంట పడింది. ఎంతసేపటికీ పూడలేదు.
నర్సమ్మ అంబులెన్సు పంపింది. అది వచ్చేదాకా ఎవరూ ఫోన్ పెట్టెయ్యలేదు. కండక్టర్ గారు ఇంకొక్క స్టాపే, ఇంకొక్క స్టాపే అంటూనే ఉన్నారు.

జూన్ 14
నీరు దిగడానికి సూది వేశారు. బాత్రూముకీ మంచానికీ తిరగడమే సరిపోయింది. ఇంకో రోజు ఆగి ఉంటే గుండె చేతులెత్తేసేదని డాక్టరు అన్నాడట. పంచదార డబ్బా వెనక వేరుశనగల పొట్లం అమ్మాయికి దొరికింది. తిట్టింది. తిడుతూనే ఏడ్చింది. ఎన్నాళ్ళయింది నన్నెవరైనా అంత తీరిగ్గా తిట్టి!

జూన్ 18
ఇంటికొచ్చాను. రెండు కిలోలూ దిగిపోయాయని చెప్పాను. ఇప్పుడు పడ్డాయి చప్పట్లు. టీచరమ్మ కూడా నవ్వింది, కొంచెం.

జూన్ 19
గ్రూపులో కొత్త పద్ధతి. ముందు పాదాలు, తర్వాతే మొహాలు.
కండక్టర్ గారు: "కాళ్ళు ముందుకు జరగాలి."