మంట ఆరలేదని మనవి

జిల్లా ఆరోగ్య శాఖ అధికారి గారి సముఖమునకు, నల్లపాడు అవతల చింతలగుంట కాపురస్తుడు, పరుపులు కుట్టుకొని జీవించు మొహిద్దీన్ బాషా వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నా భార్య మదార్‌బీ ఒంటి మంటకు మందు ఇప్పించుట గురించి. (ఇది నిప్పు మంట కాదు. అగ్నిమాపక శాఖకు పంపవద్దని ప్రార్థన.)

బ్రాకెట్లో అట్లా ఎందుకు రాయవలసి వచ్చిందో నాలుగో అంశంలో మనవి చేసుకుంటాను.

1. నా భార్య కోల్డు స్టోరేజీల దగ్గర మిరపకాయల తొడిమలు తీసే పనికి పోయేది. నిరుడు ఆమెకు కుడి డొక్కలో అక్కి లేచింది. కుమ్మరాయన చేత ఎర్రమట్టి జాజుతో ఒంటి మీద సింహం బొమ్మ వేయించి, పద్ధతి ప్రకారం అక్కి రాయించాము. పొక్కులు మాడిపోయినవి. మంట పోలేదు. ఇప్పుడు అక్కడ చర్మం మామూలుగానే ఉంటుంది, చూసేవాళ్ళకి ఏమీ కనపడదు. కానీ రవిక గుడ్డ తగిలితే చాలు, పళ్ళు బిగబట్టి గోడ పట్టుకుంటుంది. ఫ్యాను గాలి కూడా పడదు. కావున ఎండాకాలంలో సైతం మా ఇంట్లో ఫ్యాను వేయబడుట లేదు. చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నిటికీ పరుపులు కుట్టి ఇచ్చిన వాణ్ణి నేను. ఎంత మెత్తగా దూది ఏకినా మా ఆవిడ పడుకోగలిగే పరుపు నాకు కుట్టడం రావట్లేదు. కుర్చీలో కూర్చునే కునుకు తీస్తోంది.

2. సదరు మంట విషయమై టౌను ఆసుపత్రిలో డాక్టరు గారికి విన్నవించుకొనగా జరిగినది ఈ దిగువ తెలియజేయడమైనది.

"ఏంటమ్మా బాధ?"

"మంటండీ."

"ఏం పని చేస్తావు?"

"మిరపకాయలు తొడిమలు తీస్తానండీ."

"మరి మంటెందుకుండదు? మజ్జిగతో కడుక్కో."

మా ఆవిడ డొక్క చూపించబోయే లోపల తర్వాతి వాళ్ళ పేరు పిలిచేశారు. అయ్యా, వేరే జిల్లాలో ఎవరన్నా మంట అంటే డాక్టరు తలెత్తి చూస్తాడేమో. మా వైపు చేతులు మండుతాయి, కళ్ళు మండుతాయి, మిర్చి యార్డు పక్కన బస్సెక్కినవాళ్ళందరూ దగ్గుతారు. ఇక్కడ మంట అంటే జబ్బు కాదు, పని. డొక్కతో ఎవరన్నా తొడిమలు తీస్తారా అని అడగాలని నాకు ఆటో ఎక్కాక తట్టింది.

3. ఆ తరువాత శ్రీజ గారని ఒక డాక్టరమ్మ అదే ఆసుపత్రికి వచ్చినారు. మా ఆవిడ "మంట" అనగానే ఆమె కలం పక్కన పెట్టి, "ఎక్కడమ్మా? చూపించు" అన్నారు. అక్కి తగ్గినా నరం దెబ్బతిని ఉండిపోయిందనీ, ఇది నిజమైన నొప్పేననీ చెప్పి ఒక మాత్ర మొదలుపెట్టి మెల్లగా పెంచినారు. మంట పూర్తిగా పోలేదు గానీ మా ఆవిడ పక్క మీద పడుకున్నది. పొద్దెక్కినా లేవకపోతే నేను భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊరికే నిద్రపోతోంది.

శ్రీజ గారికి బదిలీ అయినది. మందుల కౌంటరులో కోటేష్ గారు, "ఇది ఫిట్సు వాళ్ళ కోటాలో వచ్చే మాత్రండీ. మీ ఆవిడకి ఫిట్సు ఉన్నాయా?" అన్నారు. లేవన్నాను. లేకపోతే లేదన్నారు. బయట కొనుక్కోవచ్చు గదా అని తమరు అనవచ్చు. కొత్త చీటీ లేనిదే షాపువాళ్ళు ఇవ్వరు. చీటీ రాయవలసిన డాక్టరు గారు మజ్జిగ రాసినారు.

ఫిట్సు ఉన్నాయని చెప్పేయమని లైనులో వెనకవాళ్ళు సలహా ఇచ్చారు. మా ఆవిడ ఒప్పుకోలేదు. "ఉన్న జబ్బు చెప్తేనే నమ్మట్లా. లేని జబ్బు నేనెందుకు చెప్పాలి?" అని అందరి ముందే అడిగింది.

4. ఇందు నిమిత్తం సోమవారం అర్జీల రోజున తమ కార్యాలయంలో అర్జీ పెట్టుకున్నాను. పొట్టిగా ఉంటే పెద్దలు చదువుతారని "విషయం: మంట ఆర్పించుట గురించి" అని రాశాను. అది అగ్నిమాపక కేంద్రానికి పంపబడినది. అక్కణ్ణుంచి సాల్మన్ గారని ఒకాయన ఫోను చేసినారు.

"ఎక్కడండీ మంట?"

"మా ఆవిడకండీ."

"అయ్యో, చీరంటుకుందా?"

"లేదండీ. లోపల."

ఆయన ఫోను పెట్టేయకుండా ఏ వైపు, ఎప్పట్నుంచి, దేనికి ఎక్కువవుద్ది అని ఒక్కొక్కటే అడిగినారు. మదార్‌బీ నా చేతిలో ఫోను లాక్కుని ఆయనకి మొత్తం చెప్పుకుంది. శ్రీజ గారు పోయాక మా ఆవిడ మాట చివరిదాకా విన్న ప్రభుత్వోద్యోగి ఆయనొక్కరే. కానీ ఏం లాభం, ఆయన దగ్గరున్నవి నీళ్ళు.

మర్నాడు నా ఫోనుకి మెసేజి వచ్చింది. "మీ అర్జీ పరిష్కరించబడినది. మంట లేదు." అది మా ఆవిడకి చూపించలేదు.

అయ్యా, నాకు కోపంగా ఉంది. అర్జీలో ఇట్లా రాయకూడదని తెలుసు. కాలు విరిగితే కట్టు కనపడుద్ది, అందరూ జరిగి చోటిస్తారు. మా ఆవిడ మనిషి బాగానే ఉంది గదా అంటారు. బాగాలేదండీ.

5. కావున తమరు దయతో, ఆ మాత్ర నరాల నొప్పికి కూడా ఇవ్వవచ్చని ఒక్క ముక్క రాసి కౌంటరుకి పంపించాలనీ, తగ్గని నొప్పులతో తిరిగేవాళ్ళ మాట వినడానికి వారానికొక పూట ఒక డాక్టరు గారిని మా ఆసుపత్రిలో కూర్చోబెట్టించాలనీ కోరుచున్నాను.

చిత్తగించి, ఈసారి తమ శాఖలోనే ఉంచుకొనవలెను.

ఇట్లు
తమ విధేయుడు, కోపం వచ్చినందుకు మన్నించమని కోరనివాడు,
మొహిద్దీన్ బాషా

తా.క.: పైదంతా మా ఆవిడకి చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని వింది. అయిపోయాక, "ఏమయ్యా, ఫిట్సు వస్తే మనిషి ఎట్టా పడతారో నీకు తెలుసా?" అని అడిగింది. ఎందుకన్నాను. "నేర్చుకుంటా" అంది. లైనులో అందరి ముందూ అబద్ధం చెప్పనన్న మనిషి అండీ.

వచ్చే సోమవారం మందుల కౌంటరు ముందు మా ఆవిడ పడుతుంది. అది ఫిట్సు కాదని తమకు ముందుగానే తెలియజేయడమైనది. అక్కడ గచ్చు గట్టిది. పరుపు నేనే తెస్తాను.