ఊక పొయ్యి గౌరవ్వకే

నిజామాబాద్ జిల్లా ఎల్లారెడ్డిలో ఉప్పుడు బియ్యం మిల్లు నడిపి కాలం చేసిన మర్హూం హుస్సేన్ భార్యను, జన్నత్ బీని, నా తదనంతరం నా ఆస్తి ఎవరికి ఎలా చెందాలో ఈ వీలునామా ద్వారా తెలియజేస్తున్నాను. నాకు ఊపిరి సరిగా ఆడటం లేదు కాని బుద్ధి బాగానే పనిచేస్తోంది. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు, ఎవరి తీపి మాటలకూ లొంగలేదు. కోపంతో రాయిస్తున్నానా అంటే, అవును, కోపంతోనే రాయిస్తున్నాను. కోపం ఉన్నంత మాత్రాన వీలునామా చెల్లకుండా పోదని కామారెడ్డి వకీలును అడిగి తెలుసుకున్నాను.

1. మిల్లు స్థలం మా నాన్న నాకు ఇచ్చినది. యంత్రాలు, బాయిలర్ నా భర్త నికా నాటి మెహర్ కింద నా పేర రాసినవి. కనుక ఇందులో నా మాటే చెల్లుతుంది. అయితే మా షరియత్ ప్రకారం మూడో వంతుకు మించి వీలునామాతో ఇవ్వడానికి నాకు అధికారం లేదు. మిగిలిన రెండు వంతులు నా కొడుకు బషీర్‌కూ, కూతురు వాజిదాకూ వాళ్ల హిస్సాల ప్రకారం చెందుతాయి. బషీర్‌కు చెల్లెలి కంటే రెట్టింపు వస్తుంది. దాన్ని ఆపలేను. ఆపగలిగితే ఆపేదాన్నే. అందుకని నా కక్ష మొత్తం ఈ మూడో వంతులోనే సర్దుతున్నాను.

2. బాయిలర్ గది, అందులోని బాయిలర్, ఊక పొయ్యి, పొగగొట్టం, బూడిద గుంత, వాటి కింది నేల, తూర్పున వడ్లు ఆరబోసే గచ్చు, పడమర బండ్ల బాట హద్దులుగా, భూమయ్య భార్య గౌరవ్వకు సర్వహక్కులతో ఇస్తున్నాను. ఇది మూడో వంతు లోపే ఉంటుందని కొలిపించి, ధర కట్టించి మరీ రాయిస్తున్నాను. గౌరవ్వ తర్వాత ఇది ఆమె కోడలు ఎంకవ్వకు చెందాలి. గౌరవ్వ పోతే తనకు ఊరట దొరుకుతుందని బషీర్ రోజులు లెక్కపెట్టుకోకూడదు.

కారణం రాయక్కర్లేదని లేఖరి పోచయ్య అన్నాడు. నేను రాయమన్నాను.

మా మిల్లు మొదలైన కొత్తలో వడ్లు ఉడికించడానికి పోచారం వైపు అడవి నుంచి బండ్లకు బండ్లు కట్టెలు వచ్చేవి. పెరట్లో మాత్రం ఊక కుప్పలుగా పడి మురిగేది. నా భర్త ఇది చూసి తట్టుకోలేకపోయాడు. మెట్లు మెట్లుగా ఇనుప పట్టీలు పేర్చి, ఊక దానంతట అదే జారుతూ కాలే పొయ్యి కట్టించాడు. ఆ రోజు నుంచి మా మిల్లు కోసం ఒక్క చెట్టు కూలలేదు. ఆ పొయ్యికి ఊక ఎగదోసింది గౌరవ్వ. బూడిద తీసి, గంపలతో వచ్చిన ఆడవాళ్లకు గిన్నెలు తోముకోవడానికి ఊరికే పంచిందీ గౌరవ్వే.

బషీర్ జిద్దాలో డ్రైవర్‌గా చేసి తిరిగొచ్చాడు. ఊకను ఇటుక బట్టీలకు అమ్మి, పొయ్యిలో పాత లారీ టైర్లు వేయడం మొదలుపెట్టాడు. ఎల్లారెడ్డి మీద నల్లటి పొగ కమ్మింది. గచ్చు మీద వడ్లు రబ్బరు కంపు కొట్టాయి. పక్కిళ్ల వాళ్లు పగలు కిటికీలు తెరవడం మానేశారు. గౌరవ్వ అడిగింది: "ఇంట్ల ఉన్న ఊక అమ్మి, బయటి టైర్లు కాలుస్తవా? గిదేం పని బిడ్డా?" నా కొడుకు అన్నాడు: "నీ కాలం అయిపోయింది, ఇంటికి పో."

ఆమె వెంటనే పోలేదు. బూడిద కోసం ఆడవాళ్లు వస్తూనే ఉన్నారు కదా అని, ఎప్పటిలాగే చేతులతో తోడి ఇస్తూ పోయింది. టైర్లలో ఇనుప తీగ ఉంటుందని ఆమెకు ఎవరు చెప్పారు? తీగ దిగి చెయ్యి చీము పట్టి, కామారెడ్డి దవాఖానలో ఒక వేలు తీసేశారు. బషీర్ చూడటానికి కూడా వెళ్లలేదు.

నా తర్వాత మిల్లు నడిపేది వాడే, ఆవిరి మాత్రం గౌరవ్వది. ఆవిరి లేకుండా ఒక్క బస్తా వడ్లు కూడా ఉడకవు. ఆవిరికి కిరాయి రూపాయల్లో తీసుకోకూడదు, మిల్లులో వచ్చిన ఊక అంతా ఆమె పొయ్యికి చేరడమే కిరాయి. టైరు, పాత ఆయిలు, రబ్బరు వేయరాదని షరతు పెట్టమని వకీలు అన్నాడు. గౌరవ్వకు షరతు దేనికి?

ఒక్కటి మాత్రం అడుగుతున్నాను. పొయ్యి ముట్టించమని నౌకరుతో కబురు పంపితే ఆమె ముట్టించవద్దు. బషీర్ స్వయంగా వచ్చి, గుమ్మం బయట నిలబడి, నోటితో అడగాలి. రోజూ అడగాలి.

3. బషీర్ వేరే బాయిలర్ పెట్టుకుంటానని అనవచ్చు. మిగిలిన స్థలం అన్నాచెల్లెళ్లకు ఉమ్మడిది. వాజిదా సంతకం లేకుండా అక్కడ ఇటుక కూడా లేవదు. తను సంతకం పెట్టదు. నేను అడిగాను.

4. కామారెడ్డిలో పాత టైర్ల దుకాణం నడిపే వజీర్ బషీర్‌కు మామ. టైర్లు పంపింది అతనే. మా వియ్యంకుడిని మరచిపోయానని ఎవరూ అనుకోకూడదు. బూడిదలోంచి ఏరి నేను దాచిన ఇనుప తీగ గోనె నిండా ఉంది. దాన్ని అతని దుకాణం ముందు, గిరాకీ ఉన్న వేళ, అతని చేతికే అందజేయాలి.

5. బషీర్ కూతురు, నా మనవరాలు అన్వరికి తమలపాకులు పెట్టుకునే నా వెండి పాన్‌దాన్. ఆ పసిదానికి చలికాలం నుంచి దగ్గు. దుప్పటి మీద పడిన మసిని నల్ల చీమలని ఊదుతూ ఆడుకుంటుంది. టైర్లు ఆగేదాకా పిల్లను మహమ్మద్‌నగర్‌లో వాజిదా ఇంట్లో ఉంచమని కోడలికి చెప్పాను. కోడలు మంచిది. తన తండ్రి వజీర్ పోలిక రాలేదు.

6. వాజిదా వారసురాలు కనుక షరియత్ ప్రకారం విడిగా రాసే వీలు లేదు. అందుకే నా గాజులు బతికుండగానే ఆమె చేతికి తొడిగాను. బషీర్ వాటిని లెక్కలోకి తేరాదు.

7. దీన్ని అమలు జరిపే బాధ్యత నాగిరెడ్డిపేట రైతు మల్లయ్యది. ఆయన మా మిల్లుకు వడ్లు తోలినన్నాళ్లూ తూకంలో మాతో కొట్లాడాడు. అలాంటివాడే కావాలి. నా భర్త గొడుగు ఆయనకు ఇవ్వాలి.

8. నన్ను పూడ్చేటప్పుడు చుట్టే కఫన్ గురించి. జిద్దాలో ఉన్నప్పుడు బషీర్ మక్కాకు పోయి, అక్కడి పవిత్ర జంజం నీళ్లలో తడిపి ఆరబెట్టి నాకోసం తెల్లగుడ్డ తెచ్చాడు. ఆ రోజు వాడిని పట్టుకుని ఏడ్చాను. అలాంటి కొడుకును కన్నానని మురిసిపోయాను. ఏటా షబ్-ఎ-బరాత్ పండుగ ముందు దాన్ని మిద్దె మీద ఎండలో వేసి మళ్లీ పెట్టెలో పెట్టుకుంటాను. ఈసారి ఎండలో ఉండగానే పొయ్యిలో టైర్లు పడ్డాయి. ఎంత ఉతికినా మసి మచ్చలు పోలేదు. చూపిస్తే, "కొత్తది తెస్త తియ్యి అమ్మీ" అన్నాడు.

కొత్తది తేవద్దు. ఉతికిన గుడ్డ శుద్ధమై పాక్ అయినట్టేనని, మచ్చ ఉన్నా ఫరవాలేదని మౌల్వీ సాబ్‌ను అడిగించాను. నన్ను దాంట్లోనే చుట్టాలి. నాకు స్నానం చేయించే ఆడవాళ్లు మచ్చలున్న కొసను నా ముఖం మీదికి వచ్చేలా కప్పాలి. ఆఖరిసారి ముఖం చూపించేటప్పుడు ఆ కొసను ఇంకెవరూ ముట్టుకోవద్దు. బషీర్ తన చేత్తోనే తీయాలి.

ఇది నా సొంత ఇష్టంతో చెప్పి రాయించి, చదివించుకుని విని, సాక్షుల ఎదుట చేవ్రాలు చేశాను.

ఎల్లారెడ్డి, 14 మే 1991

జన్నత్ బీ (ఉర్దూలో చేవ్రాలు)

సాక్షులు:
1. సాయిలు, కిరాణా వ్యాపారి, ఎల్లారెడ్డి
2. మహమ్మద్ ఖాజా, దర్జీ, ఎల్లారెడ్డి

లేఖరి: పోచయ్య