ఉన్న ఊపిరంతా

ఏప్రిల్ 9

వదినగారికి,

మీ చెల్లెలి చివరిరోజు ఎలా గడిచిందో రాయమన్నారు. రాస్తున్నాను.

ఆదివారం. కళ్ళజోళ్ళ దుకాణానికి సెలవు. ఏడింటికి లేచింది. మూడు దిండ్లకు ఆనుకుని సగం కప్పు కాఫీ తాగింది. పదింటికి పాప సబ్బుబుడగలు ఊదమని పట్టుబట్టింది. సబ్బునీళ్ళు ముందురోజే కలిపి పెట్టుకున్నారు. గిన్నెలు తోమే సబ్బు, నీళ్ళు, చెంచాడు చక్కెర. ఒక పూట నిలవ ఉంటేగాని పదునుకు రావని మీ చెల్లెలి సిద్ధాంతం. అద్దాలు తీసేసిన పాత ఫ్రేము ఒకటి నేనే ఇచ్చాను. అది ముంచి ఊదితే జంట బుడగలు వస్తాయి. "పొయ్యి ఊదినట్టు కాదే, పాలు చల్లార్చినట్టు ఊదాలి" అని పాపకు నేర్పింది. పాప ఇంకొకటి అంది. మీ చెల్లెలు ఊదింది. మళ్ళీ ఇంకొకటి అంది. పదకొండున్నరకు దగ్గు మొదలైంది. ఆగలేదు. ఒంటిగంటకు ఆస్పత్రికి చేరాం. రెండున్నరకు పోయింది.

నేను ఎవరినీ ఏమీ అనలేదు.

పాపను మీ దగ్గరే ఉండనివ్వండి. నేను ఇల్లు చేరేసరికి ఎనిమిదవుతుంది. ఇక్కడ చూసుకునేవాళ్ళు లేరు.

మీ మరిది


ఏప్రిల్ 27

మరిదిగారికి ఆశీస్సులతో,

పిల్ల వేళకు తింటోంది, నిద్రపోతోంది. కానీ పరుగెత్తదు. మెట్లెక్కేటప్పుడు ముసలిదానిలా ఆగి ఆగి ఎక్కుతుంది. పాలు వేడిగా ఉంటే ఊదుకోదు, చల్లారేదాకా గ్లాసు ముందు కూర్చుంటుంది. నిన్న వాకిట్లో పడి మోకాలు చెక్కుకుపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ పెదవి విప్పలేదు. "ఈ ఇంటికి ఇన్నాళ్ళకు ఒక బుద్ధిమంతురాలు వచ్చింది" అని మీ అన్నయ్యగారు వేళాకోళం ఆడతారు. ఆరేళ్ళ పిల్లకు ఇంత బుద్ధి ఉండకూడదని నాకనిపిస్తోంది.

మీరెప్పుడొస్తారని ఒక్కసారీ అడగలేదు. ఒకసారి వచ్చి చూసి వెళ్ళండి.

మీ వదిన


మే 20

వదినగారికి,

జవాబు ఆలస్యమైంది. దుకాణంలో పని ఎక్కువగా ఉంది. పిల్లలు త్వరగానే మరిచిపోతారు. కొత్త చోటు కనుక బెరుకు. బడిలో కూడా అక్కడే చేర్పించండి.

మీ దగ్గర దాచడమెందుకు? దాన్ని చూస్తే ఆ "ఇంకొకటి" అన్న మాటే వినిపిస్తుంది. చూడలేను.

మీ మరిది


మే 26

మరిదిగారికి,

ఆశీస్సులు ఈసారి లేవు.

నిన్న పక్కింటి పిల్లలు వాకిట్లో సబ్బునీళ్ళు కలిపారు. మా చిన్నవాడు ఊదబోయాడు. ఎక్కడినుంచి వచ్చిందో, మీ కూతురు వచ్చి వాడి నోరు అరచేత్తో మూసేసింది. వాడు గింజుకున్నా వదల్లేదు. దాన్ని లోపలికి తీసుకెళ్ళి ఒళ్ళో కూర్చోబెట్టుకుని అడిగాను. నా కొంగు చివర వేలికి చుట్టుకుంది. తర్వాత అంది:

"ఊదితే అయిపోతుంది పెద్దమ్మా. అమ్మది నేనే అయిపోగొట్టేశాను."

ఎవరు చెప్పారని అడిగాను.

"నాన్న. ఉన్న ఊపిరంతా దీని బుడగలకే ఊదేశావు కదే అన్నాడు."

ఏడిస్తే ఖర్చవుతుందట. పరుగెత్తితే ఖర్చవుతుందట. ఆ పిల్ల తన ఊపిరిని పొదుపుగా వాడుకుంటోంది. మేం బుద్ధి అని మురిసిపోయింది దాన్నే.

పొమ్మనలేక పొగబెడతారని విన్నాను. మీరు పొగ కూడా పెట్టలేదు, మాటతోనే పని కానిచ్చారు. ఎవరినీ ఏమీ అనలేదని రాశారు. ఆ మాట మీదా, కాదా? అది ఒక్కటి చెప్పండి.

మీ వదిన


మే 29

వదినగారికి,

ఆ మాట నాదే.

ఆస్పత్రికి వెళ్తుంటే అద్దెకారులో మీ చెల్లెలితో అన్నాను. పాప ముందుసీట్లో కూర్చుని ఉంది. "అది వింటోందండీ" అంది మీ చెల్లెలు. ఆ తర్వాత మాట్లాడలేకపోయింది. ఇది మొదటి ఉత్తరంలో రాయకుండా దాచాను.

దాచింది ఇంకొకటి ఉంది. ఆ ఆదివారానికి తొమ్మిది రోజుల ముందు డాక్టరు నన్ను విడిగా పిలిచాడు. రెండు వారాలు గడవడం కష్టమన్నాడు. మంచం దిగినా దిగకపోయినా, ఊదినా ఊదకపోయినా తేడా ఉండదు, ఇష్టమైనవి చేయనివ్వండి అన్నాడు. మీ చెల్లెలికి చెప్పలేదు. మీకూ చెప్పలేదు. ఫ్రేముకు అద్దాలు తీసి ఇచ్చింది అందుకే. అన్నీ తెలిసే ఆ మాట అన్నాను. డాక్టరు తప్పు లేదు, మందుల తప్పు లేదు, నా తప్పూ లేదు. ఎవరిదో ఒకరిది తప్పు కావాలనిపించింది. చేతికందినంత దూరంలో పాప ఉంది.

చూడలేనని రాశాను. దాని ముఖంలోకి చూసే ముఖం నాకు లేదని రాయాల్సింది.

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. రేపు ఉదయం ఐదున్నర బస్సెక్కి, తొమ్మిదింటికి మీ గుమ్మం దగ్గర దీన్ని మీ చేతికిస్తాను. మీరు చదివేదాకా బయటే నిలబడతాను. చదివాక నన్ను లోపలికి రానివ్వాలనిపించకపోతే పాపనే వాకిట్లోకి పిలవండి. అమ్మ ఊపిరి నువ్వు అయిపోగొట్టలేదు, అది అబద్ధం, అబద్ధమని తెలిసే నాన్న అన్నాడు అని మీ అందరి ఎదుటా దానికి చెప్తాను. నమ్మకపోతే మళ్ళీ చెప్తాను.

మరిది