ఆఖరి దెబ్బ దాకా ఆగాను

ఏమండీ,

మీరు ప్రభువు దగ్గరికి వెళ్ళి ఇవాళ్టికి ఏడాది. పొద్దున్నే సమాధి మీద పూలు పెట్టి, అటునుంచి అటే మెట్రోలో నోయిడా స్టూడియోకి వెళ్ళాను. మన మనవరాలు రూతు వాళ్ళ రాక్ బ్యాండు పాటల్ని పెద్ద కంపెనీ రికార్డు చేస్తోంది. ఒక్క ఆల్బమ్‌కే ఒప్పుకున్నారట. ఇవాళ ఆఖరి పాట.

"నువ్వు ఎదురుగా కూర్చో నానమ్మా, నాకు టెన్షన్ ఉండదు" అని నన్ను స్టూడియో గదిలోనే కూర్చోబెట్టింది. టెన్షనంతా నాకే. దగ్గొస్తే? కుర్చీ కిర్రుమంటే? గాజులు కూడా తీసి సంచిలో వేసుకున్నాను.

చర్చిలో మీరు ఢోలక్ మీద నేర్పిన దెబ్బనే రూతు డ్రమ్ముల మీద పిడుగులా వాయించింది. ఎక్కడా తడబడలేదు. ఆఖరి దెబ్బ కొట్టాక కూడా ఆ మోత పూర్తిగా అణిగేదాకా ఎవరూ మాట్లాడకూడదట. నా నోరు ఊరుకుందా? "ఆమెన్!" అనేశాను గట్టిగా.

"అరే దాదీ! మైక్ చాలూ హై!" మైకు ఇంకా ఆన్‌లోనే ఉందంటూ గిటారు వాయించే పిల్ల తల పట్టుకుంది. మళ్ళీ అంత బాగా వస్తుందో రాదోనని నేను చెంపలు వేసుకున్నాను. రికార్డింగ్ చేసే ఆయన పాటను మొదటినుంచి వినిపించాడు. రూతు పగలబడి నవ్వింది.

"తీసేయొద్దు భయ్యా. మా చర్చిలో పాట ఇలాగే ముగుస్తుంది."

ఆయన సరేనన్నాడు.

పాట అవకముందే ఆమెన్ అంటానని ప్రతి ఆదివారం కసిరేవారుగా. ఈసారి ఆఖరి దెబ్బ దాకా ఆగాను. కావాలంటే విని చూడండి.

మీ మరియమ్మ