పులిహోర తగిలిన గరిటె

ఆత్మకూరు,
20 ఫిబ్రవరి 2025.

చిరంజీవి సైమన్‌కు సుధారాణి టీచర్ ఆశీస్సులు. ప్రభువు దయవల్ల నేనూ, నా మోకాలి నొప్పీ ఇద్దరం క్షేమం.

నువ్వు ఫోన్ ఎత్తవు, మెసేజ్ చూడవు. అందుకే ఈ ఉత్తరం ఉదయగిరి బస్సు కండక్టర్ చేతిలో పెడుతున్నాను. బడిలో నీకు డ్రాయింగ్ నేర్పినదాన్ని కాబట్టి చివరిదాకా చదువుతావని నమ్మకం.

ముందు ఎగ్జిబిషన్ సంగతులు. బట్టల కొట్టు మీది మన చిన్న గ్యాలరీకి పోయిన ఆదివారం నుంచి జనం వస్తూనే ఉన్నారు. చీరలు కొనడానికి వచ్చి మెట్లెక్కేవాళ్లే ఎక్కువనుకో. మన షైనీ, సిమెంటు సంచుల మీద వేసిన కలిగిరి బస్టాండు బొమ్మ ముందు నిలబడి, అందులో తమ ఊరి బస్సు ఏదో వెతుక్కుంటున్నారు. చంద్రశేఖర్ తీసిన ఏ.ఎస్.పేట దుకాణాల ఫోటోల్లో ఒకాయన తన బావమరిదిని కనుక్కుని, పక్కన నిలబడి సెల్ఫీ దిగాడు. నీ గోడకు మాత్రం ఒక మేకు, దాని కింద ‘ఆకలి – నర్ది కర్ర – సైమన్’ అన్న చీటీ మిగిలాయి. ఆ మేకునే నీ కళ అనుకుని ఒక పెద్దాయన చాలాసేపు చూశాడు.

ఇక గొడవ సంగతి. ప్రారంభం రోజు వంట గరిటె సమయానికి కనిపించలేదన్నారు. గోడ మీది నీ ‘ఆకలి’ని, ఆ పెద్ద కర్ర గరిటెను దించి వెనక డాబా మీద పులిహోర కలిపేశారు. నెలల తరబడి చెక్కిన పనికి పసుపు మరక పడితే కడుపు మండదా అంటే, మండుతుంది. కానీ వడ్డిస్తున్న మస్తానయ్య చేతిలో దాన్ని చూసి, నీకు బుద్ధుండాదా అని నలుగురిలో అరిచావు చూడు, అది నాకు నచ్చలేదు. కింద కొట్లో బట్టల మూటలు మోసే మనిషి. నీ పెట్టెలు పైకి తెచ్చిందీ, మేకులు కొట్టిందీ ఆయనే. తప్పు నాదేలే నాయనా అని తలొంచుకున్నాడు. నువ్వేమో, దాన్ని పొయ్యిలో పెట్టండి, నేనింక చెక్కను అని బండెక్కి వెళ్లిపోయావు.

ఆకలి అని పేరు పెట్టి, అన్నం తగిలిందని అలిగినవాణ్ని నిన్నొక్కణ్నే చూశాను. గరిటెను పొయ్యిలో పెట్టలేదు. గుడ్డలో చుట్టి నా బీరువాలో దాచాను. ఈ ఆదివారంతో ఎగ్జిబిషన్ అయిపోతుంది. వచ్చి ముందు మస్తానయ్యకు సారీ చెప్పు. తర్వాత దాన్ని గరుకు కాగితంతో రుద్దుతావో, తగలెడతావో నీ ఇష్టం. చెక్కనన్న మాట మాత్రం నేను విననట్టే.

అమ్మను అడిగానని చెప్పు.

నీ టీచర్,
సుధారాణి

తా.క.: చెప్పనని మీ అమ్మ రెబెకమ్మకు మాటిచ్చి, పైదంతా జాగ్రత్తగా రాశాను. కవరు అంటించబోతే చెయ్యి రాలేదు. గరిటె దించింది మస్తానయ్య కాదురా, మీ అమ్మ. స్టీలు గరిటె పక్కనే ఉంది. నువ్వు వెళ్లాక దీన్ని కడుగుతూ తనే చెప్పింది. ఇంటినిండా గరిటెలే టీచరమ్మా, మా ఆయన చెక్కినాడు, వీడు చెక్కినాడు, నున్నగా రుద్దింది నేను, అన్నీ అమ్మకానికే పోయినాయి, నా కూరలో ఒక్కటీ మునగలేదు అంది. ఇది అమ్మేది కాదు, మనదే అని వీడు చెప్పినాడు కదా, ఒక్కసారి కలిపి మళ్లీ తగిలిద్దామనుకున్నాను అంది. పసుపు పట్టుకుంటుందని ఆ సంబరంలో తోచలేదట. నువ్వు అరిచినప్పుడు ఆమె తలుపు వెనకే ఉంది. ఆమె నోరు తెరిచేలోపు మస్తానయ్య తప్పు తన మీద వేసుకున్నాడు.

ఆదివారం ఆమెను కూడా తీసుకురా. రుద్దుతావో తగలెడతావో నీ ఇష్టం అని పైన రాసింది కొట్టేసుకో. గరిటెను ఆమె చేతికే ఇస్తాను.