తాళం తీయనందుకు

లాలాగూడ,
ఆదివారం

అక్కకు లత నమస్కారాలు. బాపు మోకాలి నొప్పి తగ్గిందా? చిన్నదానికి జ్వరం పోయిందా? నేను బాగానే ఉన్నాను. నిజంగా బాగానే ఉన్నాను, బెంగపడకు. ఫోన్లో చెబితే సగంలోనే ఏడుపు మొదలుపెడతావని రాస్తున్నాను.

ఇక్కడ వాన వదలడం లేదు. హాస్టల్ చారులో నీళ్లు తప్ప ఏమీ తగలవు. బావ ఇటు వస్తే ఎల్లిపాయ కారం పంపు.

మా ఐటీఐకీ ఒక కంపెనీకీ ఒప్పందం ఉందని చెప్పాను కదా. వారంలో సగం క్లాసు, సగం కంపెనీలో పని. చదువయ్యాక ఉద్యోగం కూడా వాళ్లే ఇస్తారు. మెషీన్‌లో చెయ్యి పెట్టాలంటే మెయిన్ స్విచ్ ఆపి తాళం వేయాలని మా సారు మొదట్లోనే నేర్పారు. జోడీలో ఒకరి చెయ్యి లోపల, ఇంకొకరు తాళంచెవితో బయట. చెయ్యి బయటికి వచ్చేదాకా ఎవరడిగినా చెవి ఇవ్వకూడదు.

శుక్రవారం రేకులు వంచే ప్రెస్ మెషీన్‌లో రేకు ఇరుక్కుంది. స్విచ్ ఆపి తాళం వేసి చెవి నేను పట్టుకున్నాను. నా జోడీ షబానా మోచేతిదాకా చెయ్యి పెట్టి లాగుతోంది. ఇంతలో ఆమె గ్లౌజు కూడా చిక్కుకుంది. సూపర్‌వైజర్ కోపంతో ఊగిపోతూ వచ్చాడు.

"ఏందీ తమాషా? లైన్ మొత్తం ఆగింది. చాబీ ఇటియ్యి!"

"షబానా చెయ్యి లోపలుంది సార్."

"తియ్యుమను! ఒక్కసారి నడిపిస్తే రేకు అదే వస్తది."

నా మణికట్టు పట్టుకున్నాడు. "చస్తే ఇయ్య!" అని అరిచాను. షెడ్డంతా మా వైపే చూసింది. కాసేపటికి షబానా చెయ్యి బయటపడింది, చర్మం గీరుకుపోయి వాచింది.

నిన్న ప్రిన్సిపాల్ గారు పిలిచారు. "సోమవారం కంపెనీవాళ్లు వస్తున్నరు బిడ్డా. లైన్ ఆపినందుకు తప్పయిందని అందరి ముందర అను. లేకుంటే ఒప్పందం తెంపుతమంటున్నరు. అందరి నౌకరీలు పోతయి."

అప్పటినుంచి మా క్లాసువాళ్లెవరూ నాతో మాట్లాడడం లేదు. "చాబీ ఇచ్చేస్తే అయిపోతుండె గదనే, గింత లొల్లి ఎందుకు?" అంది పక్క మంచం సరిత. కోపం రాలేదక్కా, ఏడుపొచ్చింది.

ఈ పొద్దున షబానా కూడా అదే అంది. "తప్పయిందని అనెయ్ లతా. నాకేం కాలే గదా." అంటూనే దువ్వెన నా చేతికిచ్చి వెనక్కి తిరిగి కూర్చుంది. తన జడ తాను వేసుకోలేకపోతోంది. నేనే వేశాను.

నాకు చాలా భయంగా ఉంది. అరిచినందుకు తప్పయిందని అంటాను. తాళం తీయనందుకు మాత్రం అనను. ఉద్యోగం సంగతి తర్వాత, రేపు ఆ మాట దగ్గర నా గొంతు పోకూడదని దీవించు.

బాపుకు, అవ్వకు దండాలు. చిన్నదానికి ముద్దులు.

నీ చెల్లె,
లత