మీ అన్న మోసిన నా బస్తాలు

వాషి ఉల్లి మార్కెట్

చంద్రభాగా,

ప్రాణానికేం ఢోకా లేదు. కూర్చుంటే లేవలేను కనక ఈ కార్డు గోడకి ఆనించి, నిలబడి రాస్తున్నాను.

ఉల్లి బస్తాలు మోసీ మోసీ నడుము పోయిందని పరిహారం అడిగాను కదా. నిన్న ఆ పరిహారం ఆఫీసరు మార్కెట్టుకే వచ్చి, మా ముఠా మేస్త్రీని, అదే మీ అన్న కొండీబాని, "ఇతను మొయ్యలేడా?" అని అడిగాడు. మీ అన్న అలవాటు కొద్దీ రొమ్ము విరిచి, "మా ముఠాలో మొయ్యలేనివాడు లేడు సాబ్" అన్నాడు.

వానలు మొదలైనప్పటి నుంచీ నా బస్తాలు మీ అన్న, ముఠావాళ్ళే మోసి, కూలి మాత్రం నాకూ సమానంగా ఇస్తున్నారు. ఆ మంచితనమే ఇప్పుడు నా గొంతు కోసింది.

తర్వాత నిలదీస్తే, "నిజం చెబితే నీకు పరిహారం వస్తుంది బావా. కానీ మొయ్యనివాడి పేరున కూలి తీసుకున్నామని ముఠా మొత్తాన్ని గెంటేస్తారు" అన్నాడు. మంగళవారం ఆఫీసుకి నన్నే పిలిచారు. ఏం చెప్పాలో తోచడం లేదు.

గేదె ఈనిందా? ఎవరైనా ఇటు వస్తుంటే జొన్నపిండి, వెల్లుల్లి కారం పంపు. పిల్లలకి నా దీవెనలు. అమ్మకి నడుము సంగతి చెప్పకు.

భావుబీజ పండక్కి మీ అన్న నీ చేతి భోజనానికి వస్తాడు. మంగళవారం ఏం జరిగినా మొహం మాడ్చకు. స్నానానికి ముందు అతని వీపుకీ నడుముకీ నూనె బాగా రుద్దు. ఇన్నాళ్ళూ నా బరువు మోసింది ఆ నడుమే.

ధోండీరాం